సరుకు పదిమందిది, గోడౌన్ ఒక్కరిది: త్రీపీఎల్ సాఫ్ట్‌వేర్ మార్పు ఎక్కడ మొదలవ్వాలి

గోడౌన్ నిండా సరుకు ఉంటుంది. అందులో ఒక్క పెట్టె కూడా గోడౌన్ నడిపేవాళ్ల సొంతం కాదు. థర్డ్ పార్టీ లాజిస్టిక్స్, వాడుకలో త్రీపీఎల్, అనే వ్యాపారం ఇదే. సబ్బుల కంపెనీ, విత్తనాల కంపెనీ, ఆన్‌లైన్‌లో చెప్పులు అమ్మే కొత్త స్టార్టప్ తమ సరుకునంతా ఒకే కప్పు కింద పెడతాయి. దించడం, సర్దడం, ఆర్డరు రాగానే తీసి ప్యాక్ చేసి లారీ ఎక్కించడం మరొకరికి అప్పగిస్తాయి. ఆ మరొకరు అమ్ముకునేవి మూడే: జాగా, చాకిరీ, లెక్క. జాగా అద్దెకు దొరుకుతుంది. చాకిరీకి మనుషులు దొరుకుతారు. పెరుగుతున్న కంపెనీలు చతికిలబడేది మూడోదాని దగ్గర.

సాఫ్ట్‌వేర్ మార్చాలనుకునే యజమానిని కారణం అడిగితే ‘ఆర్డర్లు పెరిగాయండీ, పాతది మోయలేకపోతోంది’ అంటారు. చాలాచోట్ల అసలు జబ్బు అది కాదు. ఆర్డర్లు రెట్టింపైతే ఇంకో షిఫ్టు పెట్టి, ఇంకో సర్వరు కొని నెట్టుకురావచ్చు. ఖాతాదారులు ముగ్గురి నుంచి ముప్పై మందికి పెరిగితే మాత్రం ఆ కిటుకు పనిచేయదు. ముప్పై మందికీ ముప్పై రకాల లేబుళ్లు, రేట్లు, రిటర్న్ నియమాలు, రిపోర్టులు కావాలి. ఒక్క కంపెనీ కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌కు ‘ఈ సరుకు ఎవరిది?’ అనే ప్రశ్నే తెలియదు. మిగతా తిప్పలన్నీ అక్కడినుంచే మొదలవుతాయి.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో చూడాలంటే 2017 జూలై 1 దగ్గరికి వెళ్లాలి. జీఎస్టీకి ముందు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అమ్మితే కేంద్ర అమ్మకం పన్ను పడేది. సొంత డిపోకు స్టాక్ ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే పడేది కాదు. అందుకే ప్రతి కంపెనీ ప్రతి రాష్ట్రంలో ఒక చిన్న డిపో పెట్టి, దానికొక సీ అండ్ ఎఫ్ ఏజెంటును (కంపెనీ తరఫున సరుకు నిల్వచేసి పంపేవారిని) కుదుర్చుకునేది. ఆ ఏజెంటు దగ్గర ఒకటో రెండో కంపెనీల సరుకు ఉండేది. ట్యాలీ, ఒక ఎక్సెల్ ఫైలు, లేదా తెలిసిన కుర్రాడు విజువల్ బేసిక్‌లో రాసిచ్చిన ప్రోగ్రామ్ ఆ పనికి చక్కగా సరిపోయేవి. జీఎస్టీతో రాష్ట్రానికొక డిపో పెట్టాల్సిన అవసరం పోయింది. అదే ఏడాది నవంబరులో కేంద్రం లాజిస్టిక్స్‌కు మౌలిక వసతుల హోదా ఇవ్వడంతో గోడౌన్ల నిర్మాణానికి అప్పు పుట్టడం తేలికైంది. మేడ్చల్, శంషాబాద్, పటాన్‌చెరు వైపు పెద్ద షెడ్లు లేచాయి. నిన్నటి సీ అండ్ ఎఫ్ ఏజెంట్లు, ట్రాన్స్‌పోర్టు యజమానులు చాలామంది ఇవాళ త్రీపీఎల్ కంపెనీలయ్యారు. షెడ్డు మారింది గానీ ప్రోగ్రామ్ మాత్రం అదే మిగిలింది.

సరుకు ఎవరిదన్నది వ్యాపార సౌకర్యం కోసమే పుట్టిన ప్రశ్న కాదు. జీఎస్టీ రూల్స్‌లోని 58వ నిబంధన ప్రకారం గోడౌన్ నడిపేవారు సరుకును వస్తువుల వారీగా, యజమానుల వారీగా గుర్తుపట్టేలా నిల్వ చేయాలి, అధికారి అడిగితే తనిఖీకి చూపించాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ‘మల్టీ క్లయింట్’ అని గొప్పగా అమ్మే సదుపాయానికి చట్టంలోనే పునాది ఉందన్నమాట. పాత ప్రోగ్రాముల్లో దీనికి దొరికే అడ్డదారి ఒకటుంది: ఐటమ్ కోడ్ ముందు ఖాతాదారు పేరులోని రెండక్షరాలు తగిలించడం. అయిదారుగురి వరకు నడుస్తుంది. తర్వాత ఒకే షాంపూను ఇద్దరు ఆన్‌లైన్ వ్యాపారులు అదే గోడౌన్‌లో పెడతారు. రెండు సీసాల మీదా బార్‌కోడు ఒకటే. స్కానర్ ‘బీప్’ అంటుంది, ఎవరి సీసా వెళ్లిందో మాత్రం చెప్పదు. నెలాఖరు లెక్కింపులో ఒకరికి అయిదు తక్కువ, ఇంకొకరికి అయిదు ఎక్కువ తేలతాయి.

మన దేశంలో బార్‌కోడుతో తీరని చిక్కు ఇంకోటుంది, ఎంఆర్‌పీ. ప్యాకెట్ మీద గరిష్ఠ చిల్లర ధర ముద్రించి తీరాలి. ధర మారినా చాలా కంపెనీలు బార్‌కోడు మార్చవు. అలా ఒకే కోడుతో, ఒకే ర్యాకులో, రెండు మూడు ధరల సరుకు పోగుపడుతుంది. మామూలు రోజుల్లో ఇది చిన్న చికాకే. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారినప్పుడు అదే పెద్ద తలనొప్పయింది. టాయిలెట్ సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద 18 శాతం పన్ను 5 శాతానికి దిగింది. అమ్ముడుపోని పాత సరుకు మీద కొత్త ధర స్టిక్కరు వేసుకోవచ్చని కేంద్రం గడువిచ్చింది. ఇప్పుడు గోడౌన్ సూపర్‌వైజర్ వైపు నుంచి చూడండి. ఒక ఖాతాదారు ప్రతి పీసుకూ స్టిక్కరు వేయమంటాడు. ఇంకొకరు పాత ధర సరుకును విడిగా పెట్టి ముందు దాన్నే పంపమంటారు. మూడోవాళ్లు వెనక్కి పంపేయమంటారు.

స్టాక్ రికార్డులో బార్‌కోడు, సంఖ్య మాత్రమే ఉన్న గోడౌన్‌లో ఈ పనికి ఒకటే దారి: కార్టన్లన్నీ దించి, విప్పి, చూడటం. యజమాని, ఐటమ్, బ్యాచ్, ఎంఆర్‌పీ, గడువు తేదీ, బిన్ (ర్యాకులో సరుకు ఉన్న అర), స్థితి... ఈ ఏడూ కలిస్తేనే ఒక స్టాక్ లైను అని మొదటినుంచీ రాసుకున్న గోడౌన్‌లో అదొక రిపోర్టు. ఏ బిన్‌లో ఎన్ని పాత ధర పెట్టెలున్నాయో కాగితం మీదికి వస్తుంది. ఆహార పదార్థాలదీ ఇదే తంతు. ఆన్‌లైన్‌లో అమ్మే ఆహారం వినియోగదారుడికి చేరేసరికి కనీసం 30 శాతం లేదా 45 రోజుల గడువు మిగిలి ఉండాలని 2024 నవంబరులో ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఈ-కామర్స్ కంపెనీలకు చెప్పింది. ముందు వచ్చింది ముందు పంపడం దీనికి చాలదు. ముందు గడువు తీరేది ముందు వెళ్లాలి, దగ్గరపడింది దానంతటదే ఆగిపోవాలి. ఆ ఏడు గడుల్లో ఏది లేకపోయినా పైన ఎంత అందమైన స్క్రీను పెట్టినా ఉపయోగం ఉండదు.

ఇక డబ్బు సంగతి. సాఫ్ట్‌వేర్ మార్పిడి గురించి జరిగే చర్చల్లో రోబోలు, కృత్రిమ మేధ గురించి వినిపించినంతగా బిల్లింగ్ గురించి వినిపించదు. త్రీపీఎల్‌కు ప్రాణం అక్కడుంది.

ఒక లెక్క వేద్దాం. ఖాతాదారుకు నెల మొదట్లో 800 ప్యాలెట్లు (సరుకు పేర్చే చట్రాలు) ఉన్నాయనుకుందాం. 5వ తేదీ ఉదయం ఇంకో 600 వచ్చాయి, 27వ తేదీ తెల్లవారుతూనే 600 వెళ్లిపోయాయి. నెలాఖరున మళ్లీ 800. ముగింపు నిల్వ మాత్రమే గుర్తుంచుకునే పాత ప్రోగ్రామ్ 30 రోజుల నెలకు 24,000 ప్యాలెట్ దినాలని (ఒక ప్యాలెట్ ఒక రోజు ఉంటే ఒక ప్యాలెట్ దినం) బిల్లు కొడుతుంది. మధ్యలో 22 రోజులపాటు కూర్చున్న 600 ప్యాలెట్లు, అంటే 13,200 ప్యాలెట్ దినాలు, దానికి కనిపించనే కనిపించవు. రోజుకు ప్యాలెట్‌కు పది రూపాయల రేటనుకున్నా 1,32,000 రూపాయలు. ఒక్క ఖాతాదారు, ఒక్క నెల.

నిల్వ అద్దె కనీసం ఒప్పందంలో రాసుకునే అంశం. అసలు కారిపోయేది చిల్లర పనుల దగ్గర. రాత్రి పదకొండింటికి వచ్చిన లారీని దించడం, పండగ ఆఫరుకు రెండు ప్యాకెట్లు కలిపి కాంబో కట్టడం, తిరిగొచ్చిన చెప్పులు తొడిగినవో కాదో చూసి మళ్లీ పెట్టెలో పెట్టడం, పైన చెప్పిన స్టిక్కర్లు... వీటన్నిటికీ రేటు కార్డులో ధర ఉంటుంది, చేసినట్టు రుజువు మాత్రం సెక్యూరిటీ రిజిస్టర్‌లోనో సూపర్‌వైజర్ వాట్సాప్ ఫొటోల్లోనో ఉంటుంది. నెలాఖరున బిల్లు పంపితే ఖాతాదారు అకౌంటెంటు ‘ప్రూఫ్ పంపండి’ అంటాడు. వెతికే ఓపిక లేక ఆ లైను కొట్టేస్తారు.

మందు తెలిసిందే. ప్రతి కదలికనూ ఒక వరుసగా రాయాలి: ఎవరి సరుకు, ఏది, ఎన్ని, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎవరు, ఎన్నింటికి, ఎందుకు. రాసిన వరుసను మార్చకూడదు. తప్పు జరిగితే రివర్స్ ఎంట్రీ వేయాలి. ఈ వరుసలన్నీ కూడితే నిల్వ వస్తుంది. వాటినే రేటు కార్డుతో గుణిస్తే బిల్లు వస్తుంది. లెక్కా బిల్లూ ఒకే చోటినుంచి పుడితే ఖాతాదారుతో వాదన ఉండదు, ఏ లైను మీద వేలు పెట్టినా దాని వెనక సమయం, స్కాన్ కనిపిస్తాయి. పాత ప్రోగ్రాముల్లో చాలావాటికి బ్యాలెన్సు టేబుల్ ఒక్కటే ఉంటుంది. సరుకు కదిలిన ప్రతిసారీ పాత అంకె మీద కొత్త అంకె కూర్చుంటుంది, చరిత్ర చెరిగిపోతుంది.

మరి ఇంతకాలం ఎవరూ ఎందుకు పట్టించుకోలేదు? డబ్బుల్లేక అని చెబుతారు గానీ ఒప్పందాల తీరు అంతకంటే పెద్ద కారణం. ఇక్కడ చాలా ఒప్పందాలు కాస్ట్ ప్లస్ పద్ధతిలో ఉంటాయి. అద్దె, కూలీలు, కరెంటు ఎంతైతే అంత, దాని మీద ఇంత శాతం మేనేజ్‌మెంట్ ఫీజు. ఖర్చు తగ్గితే ఫీజు కూడా తగ్గే చోట ప్రతి కదలికా రాసుకునే తొందర ఎవరికుంటుంది? ఆర్డరుకింత అని రేటు అడిగే ఖాతాదారు, ముఖ్యంగా ఆన్‌లైన్ వ్యాపారి, గుమ్మంలోకి వచ్చాకే ఒక ఆర్డరు తీసి పంపడానికి తమకు ఎంతవుతుందో తెలియదన్న సంగతి యజమానికి బోధపడుతుంది. ఆ లెక్క లేకుండా కోట్ చేసిన రేటు జూదమే.

డిస్పాచ్ దగ్గర ఇంకో ముడి ఉంది, ఇది పూర్తిగా మన దేశపు ముడి. ఖాతాదారు సాఫ్ట్‌వేర్‌లో 100 పెట్టెలకు ఆర్డరు వచ్చింది. వాళ్ల అకౌంట్స్ విభాగం వెంటనే ఇన్‌వాయిస్ కొట్టేసింది. ఏడాదికి 5 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లకు 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్‌వాయిస్ (ఎలక్ట్రానిక్ ఇన్‌వాయిస్) తప్పనిసరి కాబట్టి అది ప్రభుత్వ పోర్టల్‌కు వెళ్లి నంబరు కూడా తెచ్చుకుంది. దాని మీద ఈ-వే బిల్లు (రవాణాలో సరుకు వెంట ఉండాల్సిన పత్రం) పుట్టింది. గోడౌన్‌లో తీయడానికి వెళ్తే 97 పెట్టెలే బాగున్నాయి, మూడు తడిసి ఉన్నాయి. ఇప్పుడేం చేయాలి? పోర్టల్‌లో ఇన్‌వాయిస్‌ను సవరించడానికి వీల్లేదు. 24 గంటల్లోపు మొత్తంగా రద్దు చేసి మళ్లీ కొట్టాలి, గడువు దాటితే క్రెడిట్ నోటు (బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం) ఇవ్వాలి. ఇన్‌వాయిస్ ఖాతాదారుది, రద్దు చేసే అధికారం గోడౌన్‌కు లేదు. సాయంత్రం ఆరింటికి అవతలి ఆఫీసు మూసేశారు. డాక్ మీద లారీ నిండి ఉంది, డ్రైవరు హాల్టింగ్ ఛార్జి అడుగుతున్నాడు. 97 పెట్టెలతో 100 పెట్టెల కాగితం పట్టుకుని రోడ్డెక్కితే దారిలో తనిఖీకి దొరుకుతారు.

దీనికి కొత్త స్క్రీన్లు అక్కర్లేదు, వరుస మారితే చాలు. ముందు పికింగ్, అంటే ర్యాకుల్లోంచి సరుకు తీయడం, పూర్తయి, ‘97 సిద్ధం’ అన్న కబురు ఖాతాదారు సిస్టమ్‌కు వెళ్లాలి. అప్పుడు 97కే ఇన్‌వాయిస్ పుట్టి, నంబరు, ఈ-వే బిల్లు వెనక్కి వచ్చి, అవి రాగానే గేట్ పాస్ తెరుచుకోవాలి. చెప్పడానికి రెండు వాక్యాలే. అమలు చేయాలంటే రెండు కంపెనీల సాఫ్ట్‌వేర్లు నిమిషాల్లో మాట్లాడుకోవాలి. గంటకోసారి మెయిల్‌లో వచ్చే ఎక్సెల్ ఫైలుతో ఇది సాధ్యం కాదు.

ఈ అనుసంధానం పని ఎంత నలిగిన దారో హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో అమెరికా ఖాతాదారులకు పనిచేసేవారిని అడిగితే తెలుస్తుంది. అక్కడి గోడౌన్లలో ఈడీఐ పత్రాలకు, అంటే కంపెనీల కంప్యూటర్లు నేరుగా పంపుకునే పత్రాలకు, నంబర్లున్నాయి. సరుకు పంపమని గోడౌన్‌కు వచ్చే ఆర్డరు 940, పంపామని తిరిగి వెళ్లే జవాబు 945. ఏ కంపెనీ అయినా ఆ చట్రంలోనే మాట్లాడుతుంది. మన దగ్గర అలాంటి ఉమ్మడి చట్రం వేళ్లూనలేదు. ఒకరు శాప్, ఒకరు ట్యాలీ, ఒకరు షాపిఫై, ఒకరు ఎక్సెల్. అందుకే కొత్త ఖాతాదారు వచ్చిన ప్రతిసారీ ప్రోగ్రామర్ కూర్చుని ‘ఫలానా కంపెనీ అయితే ఇలా, లేకపోతే అలా’ అని కోడులో మరో కొమ్మ వేస్తాడు. కొన్నేళ్లకు ఆ కొమ్మల్లో ఏది ఎవరి కోసం వేసిందో ఒక్క ప్రోగ్రామర్‌కే తెలుసు, అతను ఉద్యోగం మారతాడు.

సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు అమ్మేవాళ్ల డెమో చూడటం కంటే ఒక పరీక్ష పెట్టడం మేలు: ప్రోగ్రామర్ చేయి తగలకుండా, ఆపరేషన్స్ మేనేజర్ ఒక్కరే కొత్త ఖాతాదారును, వాళ్ల ఐటమ్ మాస్టర్‌ను (వస్తువుల జాబితాను), రేటు కార్డును, లేబుల్‌ను ఎన్ని రోజుల్లో ఎక్కించగలరు? జవాబు వారాల్లో ఉంటే ఆ సాఫ్ట్‌వేర్ పెద్ద కంపెనీ సొంత గోడౌన్‌కు గొప్పదే కావచ్చు, త్రీపీఎల్‌కు పనికిరాదు. డెమోలో కనిపించే డాష్‌బోర్డు మ్యాపులకు మార్కులేయకండి.

కొన్నిచోట్ల మార్పు నెత్తి మీదికి వచ్చిపడుతుంది. పాత చేతి స్కానర్లలో వాడిన విండోస్ ఎంబెడెడ్ హ్యాండ్‌హెల్డ్ 6.5కు మైక్రోసాఫ్ట్ సపోర్టు 2020 జనవరిలోనే ముగిసింది. శాప్ కంపెనీ పాత గోడౌన్ మాడ్యూల్‌ను దాని కొత్త సాఫ్ట్‌వేర్ ఎస్ ఫోర్ హానాలో వాడుకునే హక్కు 2025 డిసెంబర్ 31తో ఆగింది. ఇలాంటి గడువులు మీద పడ్డాక తొందరపడి అంతా ఒకేసారి మార్చేయాలన్న ఆలోచన పుడుతుంది. అది ప్రమాదకరమైన ఆలోచన.

2018 ఫిబ్రవరి 14న బ్రిటన్‌లో కేఎఫ్‌సీ తన సరఫరా మొత్తాన్ని బిడ్‌వెస్ట్ అనే పంపిణీ కంపెనీ నుంచి డీహెచ్ఎల్‌కు మార్చింది. స్టాక్ సాఫ్ట్‌వేర్ పని క్యూఎస్ఎల్ అనే మరో కంపెనీది. అంతకుముందు ఆరు డిపోల నుంచి నడిచిన పనిని రగ్బీ పట్టణంలోని ఒకే డిపోకు కుదించారు. డిపో, రవాణా, సాఫ్ట్‌వేర్, మనుషులు అన్నీ ఒకే రోజు కొత్తవి. కొద్దిరోజుల్లోనే సుమారు 900 దుకాణాల్లో సగానికి పైగా కోళ్లు లేక మూతపడ్డాయి. మార్చి నెలలో ఉత్తరాది దుకాణాల పంపిణీని కేఎఫ్‌సీ మళ్లీ బిడ్‌వెస్ట్‌కే ఇచ్చింది.

ఒకే రోజు అంతా మార్చడానికి బదులు ఇంకో పద్ధతి ఉంది. 2004లో మార్టిన్ ఫౌలర్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు దానికి ఆస్ట్రేలియా అడవుల్లోని ఒక జాతి మర్రి పేరు పెట్టాడు. మనకు తాటిచెట్టు మీద పిట్ట వేసిన గింజ నుంచి మొలిచిన మర్రిని చూస్తే అర్థమైపోతుంది. తాడి నిలబడి ఉండగానే మర్రి ఊడలు దాని చుట్టూ దిగి, నేలలో నాటుకుని, చివరికి తాడి లేకపోయినా తానే నిలుస్తుంది. గోడౌన్‌లో దీని అర్థం పాత ప్రోగ్రామ్‌ను కదిలించకుండా ముందు దాని పక్కన కదలికల పుస్తకం పెట్టడం. పాతదానిలో జరిగే ప్రతి మార్పునూ అది రాసుకుంటుంది. ఆ వరుసల నుంచి బిల్లింగ్ మొదలుపెట్టాలి. బిల్లింగ్ ముందు ఎందుకంటే, కొత్త సాఫ్ట్‌వేర్ ఖర్చు తేలేది అక్కడే. అప్పటిదాకా వదిలేసిన లైన్లు బిల్లులోకి ఎక్కడం మొదలైతే బోర్డులో మిగతా పనికి ఒప్పుదల దొరుకుతుంది.

తర్వాత ఖాతాదారులను ఒక్కొక్కరిగా మార్చాలి. ఇక్కడ త్రీపీఎల్‌కు ఒక వరం ఉంది. అందరి సీజన్లూ ఒక్కటి కావు. విత్తనాలకు తొలకరి ముందు, అంటే ఏప్రిల్ చివర్నుంచి జూన్ దాకా ఊపిరాడదు. కూలర్లకు ఎండాకాలం, నోటుపుస్తకాలకు జూన్, టీవీలు ఫోన్లకు దసరా దీపావళి. సొంత గోడౌన్ ఉన్న కంపెనీకి ఏడాదికి ఒకే తీరిక సమయం దొరికితే, త్రీపీఎల్‌కు ఏ నెల చూసినా ఎవరో ఒకరు తీరిగ్గా ఉంటారు. మొదట చిన్న, గొడవ తక్కువ ఖాతాదారు. పెద్దవాళ్లను మూడో నాలుగో విడతలో మార్చడం క్షేమం.

మారే రోజు ముందు రాత్రి భౌతిక లెక్కింపు తప్పదు, అందులో తేడాలు తేలకా తప్పదు. ఏళ్ల తరబడి పాత ప్రోగ్రామ్ కింద దాగిన కొరతంతా ఆ ఒక్క రాత్రి బయటపడుతుంది, పాపం కొత్త సాఫ్ట్‌వేర్‌కు చుట్టుకుంటుంది. ఇది సాంకేతిక సమస్యలా కనిపించే వాణిజ్య సమస్య. ఎంత శాతం తేడా వరకు ఎవరు భరిస్తారో లెక్కింపుకు ముందే ఖాతాదారుతో కాగితం మీద పెట్టుకున్నవాళ్లు గట్టెక్కుతారు. తర్వాత మాట్లాడదామనుకున్నవాళ్లకు ఆ నెల బిల్లు ఆగిపోతుంది.

క్లౌడ్ మీద ఉన్నవి కొనాలా, సొంతంగా రాయించుకోవాలా అన్న వాదన ఒకప్పటంత వేడిగా లేదు. మధ్యతరహా త్రీపీఎల్‌కు కొనడమే తేలిక. ఖాతాదారులతో కలిపే పొరను, రేటు కార్డును మాత్రం చేతిలో ఉంచుకోవాలి. కొన్నది పడిపోతే ఏమిటన్న ప్రశ్నకు 2024 నవంబరు 21 ఒక ఉదాహరణ ఇచ్చింది. గోడౌన్, సరఫరా సాఫ్ట్‌వేర్‌లో పెద్ద పేరైన బ్లూ యాండర్ మీద రాన్సమ్‌వేర్ (కంప్యూటర్లకు తాళం వేసి డబ్బడిగే) దాడి జరిగింది. హైదరాబాద్‌లో కూడా ఆఫీసున్న కంపెనీ ఇది. బ్రిటన్‌లో మోరిసన్స్ సూపర్‌మార్కెట్ల తాజా సరుకుల గోడౌన్ల పని కుంటుపడింది. అమెరికాలో స్టార్‌బక్స్ ఉద్యోగుల పనిగంటలు చేత్తో లెక్కేసుకోవాల్సి వచ్చింది. గోడౌన్ స్థాయిలో జాగ్రత్త మరీ ఖరీదైనది కాదు. ప్రతి కొన్ని గంటలకూ బిన్ వారీ నిల్వ జాబితా లోపలి కంప్యూటర్‌లోకి దిగాలి. నెట్ పోయినా స్కానర్ కొంతసేపు స్కాన్‌లను దాచుకుని తర్వాత పంపగలగాలి. మేడ్చల్ దాటాక నెట్ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఈ రెండో అంశాన్ని ఒప్పందంలోనే రాయించుకుంటారు.

స్కాన్ చేసే చేతుల గురించి కూడా చెప్పుకోవాలి. హైదరాబాద్ చుట్టుపక్కల గోడౌన్లలో పికింగ్ చేసేవారిలో ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవారు చాలామంది. సీజన్‌కు వచ్చి, సీజన్ అవగానే వెళ్లిపోతారు. వాళ్లకు అరపేజీ ఇంగ్లిషు సూచనలున్న స్క్రీను ఇస్తే చదవరు, తెలిసిన బటన్ నొక్కుతారు. పెద్ద అక్షరాల్లో బిన్ నంబరు, ఎన్ని తీయాలో ఒక అంకె, తప్పు స్కాన్‌కు ఎర్ర తెర, వేరే శబ్దం. అంతకు మించి ఏం పెట్టినా పని నెమ్మదిస్తుంది. ఆండ్రాయిడ్ స్కానర్లు వచ్చాక భాష మార్చే వీలు వచ్చింది గానీ హిందీ, ఒడియా తర్జుమా ఎవరు చేశారన్నది చూసుకోవాలి. ‘పుట్ అవే’ను (వచ్చిన సరుకును బిన్‌లో సర్దడాన్ని) నిఘంటువు చూసి అనువదిస్తే హమాలీకి అర్థం కాదు.

కొత్తది నిలదొక్కుకున్నాక పాత సర్వరును వెంటనే తుక్కుకు వేయకూడదు. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకాలు ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. రెండేళ్ల కిందట వదిలిపోయిన ఖాతాదారుకు ఆడిట్ వస్తే, ఫలానా తేదీన ఫలానా బ్యాచ్ ఎంతుందో అడిగేది ఈ గోడౌన్‌నే. పాత డేటాబేస్‌ను చదవడానికి మాత్రమే వీలయ్యేలా ఒక చోట నిలిపి, దాన్నుంచి రిపోర్టు తీయడం కనీసం ఇద్దరికి నేర్పాకే సర్వరు జోలికి వెళ్లాలి. పాస్‌వర్డు ఒక్కరి దగ్గరే ఉంటే అది ఉన్నట్టు లెక్క కాదు.